నాది కాని బోర్డు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: నేను పెట్టని బోర్డును నేను తీశాను. తీసి, తియ్యనివాడిలా కూర్చున్నాను. రెండోది మొదటిదానికంటే పెద్ద తప్పు. కానీ మొదటిది చెబితేగాని రెండోది అర్థం కాదు.

భిలాయిలో పెరిగినవాడికి బోర్డంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఉక్కు ప్లాంటులో యంత్రం మరమ్మతుకు దిగేముందు, దానికి కరెంటు ఇచ్చే స్విచ్ దగ్గర ఎర్ర రేకు బోర్డు ఒకటి తగిలిస్తారు. దాని మీద తెల్ల రంగుతో హిందీలో ‘కామ్ చాలూ హై’ అని ఉంటుంది. లోపల పని జరుగుతోంది, ముట్టుకోవద్దు అని. ఎవరు తగిలించారో వాళ్ళే తియ్యాలి. ఫోర్‌మన్ అయినా, పెద్ద ఆఫీసరు అయినా ఇంకొకరి బోర్డు మీద చెయ్యి వెయ్యరు. వైరుకి అవతలి చివర ఎవరి చేతులున్నాయో బోర్డు పెట్టినవాడికే తెలుసు.

మా నాన్న ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసేవాడు. ఆయనకు ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, పాత బోర్డు ఒకటి క్వార్టరుకు తెచ్చి పెట్టుకున్నాడు. ఇంట్లో ఫ్యాను విప్పినా, ప్లగ్ మార్చినా మెయిన్ స్విచ్‌కి అది వేలాడాల్సిందే. నా చిన్నప్పుడు ఒకసారి వంటగదిలో వైరు మారుస్తుండగా, ప్లాంటు షాపులో యంత్రం ఏదో ఆగిపోయిందని సైకిలు మీద మనిషొచ్చి ఆయన్ని పిలుచుకుపోయాడు. పని అప్పటికే అయిపోయింది. స్విచ్ వేసుకోవడమే మిగిలింది. పొద్దుగూకింది. అమ్మ లాంతరు వెలిగించి అన్నం వార్చింది. పక్క క్వార్టరు పిన్ని గుమ్మంలో నిలబడి నవ్వింది.

“ఓలమ్మా, ఒక్క స్విచ్చి ఎయ్యడానికి ఏటే అంత బయం? మొగుడు రాజ్యం రాసిచ్చినట్టు కాపలా కాస్తన్నావు!”

“ఆయన పెట్టేడు. ఆయనే తియ్యాల,” అంది అమ్మ. నాన్న వచ్చేదాకా ఆ లాంతరు వెలుగులోనే వడ్డించింది.

అలాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ణి నేను.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. దుకాణాల బోర్డుల మీద మధ్యప్రదేశ్ అని ఉన్నచోట ఛత్తీస్‌గఢ్ అని రాయిస్తున్నారు. సుపేలా బజారులో మందుల దుకాణం పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. ప్లాంటులో ఆఫీసరుగా రిటైరైన ఒక తెలుగాయన అది పెట్టారు. ఆయన్ని మేం సార్ అనేవాళ్ళం. మేం అంటే నేనూ, అక్కా. అక్క అంటే సొంత అక్క కాదు. ప్లాంటు కార్మికుల బస్తీ క్యాంప్ 1లో పుట్టి పెరిగిన క్రైస్తవుల ఇంటి ఆడపిల్ల. వాళ్ళ నాన్న ప్లాంటు కడుతున్న రోజుల్లో విశాఖపట్నం వైపు నుంచి వచ్చాడు. భర్త చరోదా రైల్వే యార్డులో పనిచేసేవాడు. నాకంటే కొన్నేళ్ళు పెద్దది. ఆ ఆఫీసులో నాకంటే ముందు చేరింది. సర్వర్ అనేది ఎలా ఉంటుందో నాకు మొదట చూపించింది ఆవిడే.

మా దగ్గరున్న పెద్ద పని భిలాయి పక్కనే ఉన్న జాముల్‌లో ఒక లేబర్ కాంట్రాక్టరుది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీకి ఆయన మనుషుల్ని పంపేవాడు. వాళ్ళ గేటు పాసుల కోసం మేం ఒక వెబ్‌సైటు తయారు చేశాం. గేటు దగ్గర గార్డు కంప్యూటర్లో పాసు నంబరు కొడతాడు. పచ్చరంగు వస్తే మనిషి లోపలికి వెళ్తాడు, ఎరుపు వస్తే బయటే ఉంటాడు. పని చిన్నదే. కానీ ఆ రంగు మీద ఒక ఇంట్లో పొయ్యి వెలగడం ఆధారపడి ఉండేది.

మేం ఏ మార్పు చేసినా ఆఫీసులో చేసి, ఎక్కడో ముంబైలో సైటును నడిపే సర్వర్‌లోకి ఎక్కించాలి. అది అక్క చేత్తో చేసేది. ఏ ఫైలు ముందు, ఏది తరవాత అన్నది ఆవిడకు కంఠతా వచ్చు. ఒక ఫైలు ఎక్కించి, బ్రౌజరులో చూసి, ఇంకోటి ఎక్కించేది. మధ్యలో ఇంటర్నెట్ లైను తెగితే మళ్ళీ మొదటికి. ఆ పని చూస్తుంటే నాకు ఓపిక పోయేది.

అందుకే, మార్పులు వాటంతటవే సర్వర్ మీదికి ఎక్కేలా, ఆటోమేటిక్ డిప్లాయ్‌మెంట్ కట్టాను. ఇది నేను గొప్పగానే చెప్పుకుంటాను, ఎందుకంటే అది నిజంగా బాగా కట్టాను. మేమిద్దరం రాసినదంతా ఆఫీసులో ఒకచోట చేరుతుంది. అక్కడున్నదాన్ని నా స్క్రిప్టు, అంటే నేను రాసిన చిన్న ప్రోగ్రాం, సర్వర్‌తో పోల్చి చూస్తుంది. తేడా ఉన్నవే పంపుతుంది. పంపాక పేజీలు తెరుచుకుంటున్నాయో లేదో తనే చూసుకుంటుంది. సర్వర్ మీద ఉన్నది ఆఫీసులో ఉన్నదానికి అచ్చుగుద్దినట్టు ఉండాలి, అదొక్కటే దాని సూత్రం. మనిషి చెయ్యి పడదు కాబట్టి మనిషి మరుపు కూడా పడదు.

అక్క మాత్రం అనుమానంగా చూసింది.

“బాగుందిరా తమ్ముడూ. మరి నేను సర్వర్ మీదే ఏదో అర్జెంటుగా సరిచేస్తన్నాననుకో. నీ మిషనొచ్చి దాని మీంచి రోడ్డు రోలర్ తోలేస్తే?”

ఆ ప్రశ్నకు జవాబు నాకు మా ఇంటి మెయిన్ స్విచ్ మీద దొరికింది. సర్వర్‌లో ఒక ఖాళీ ఫైలు పెట్టడం. దాని పేరే ‘కామ్ చాలూ హై’. అది అక్కడ ఉందంటే స్క్రిప్టు ఏమీ చెయ్యకుండా వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. ఎవరు పెడితే వాళ్ళే తీసుకోవాలి. సార్‌కి చెబితే కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వారు. “శభాష్! ప్లాంటు బిడ్డ అనిపించుకున్నావయ్యా,” అన్నారు. అక్క కూడా ఆ రోజే మెత్తబడింది. “ఇదైతే నమ్ముతాను,” అంది.

నమ్మింది. అదే ఇక్కడ ముఖ్యం.

ఇక ఆ రోజు సంగతి. శుక్రవారం. పాసుల గడువు అంతకు ముందురోజుతో ముగిసింది. కాంట్రాక్టరు గడువు పెంచాడు గాని మాకు చెప్పడం మరిచిపోయాడు. పొద్దుటి షిఫ్టు మనుషులకు గేటు దగ్గర ఎరుపు వచ్చింది. కాంట్రాక్టరు దగ్గర హాజరు లెక్కలు చూసే మున్షీ కంగారుగా ఫోను చేస్తే అక్క ఫోను చెవికి ఆనించుకునే, నేరుగా సర్వర్ మీదే గడువు నియమం మార్చేసింది. షిఫ్టు లోపలికి వెళ్ళింది. మున్షీ “జీతీ రహో దీదీ”, చల్లగా ఉండు అక్కా అని, ఫోను పెట్టేశాడు. నేనింకా ఆఫీసుకు రాలేదు. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

ఆ మార్పు ఇంకా ఆఫీసు కాపీలో లేదు. అందులో చేర్చేముందు ఇంకో రెండు చోట్ల సరిచూడాలి. అందుకని అక్క బోర్డు పెట్టింది. మధ్యాహ్నం అయ్యేసరికి, ప్రతి శుక్రవారంలాగే, క్యాంప్‌లో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనకు బయల్దేరింది. మెట్లు దిగుతూ, “వొచ్చేక మిగతాది సూస్తానురా,” అంది. నేను తల ఎత్తకుండా సరేనన్నాను. ఏ మిగతాదో అడగలేదు.

కాసేపటికి సార్ వచ్చారు. పని ఇవ్వడానికి ఎవరో కొత్త పార్టీ వస్తున్నారని, పాసుల సైటు చూపిస్తానని, పేజీ పైభాగంలో కాంట్రాక్టరు అడిగిన కొత్త రంగులు ఈలోగా పెట్టించమని అన్నారు. రంగులు నేను ముందే చేసి ఉంచాను. స్క్రిప్టు నడిపాను. అది వెళ్ళి, వెనక్కి వచ్చేసింది. బోర్డు ఉందట.

నాకు చిరాకేసింది. అంతకుముందు ఒకసారి అక్క బోర్డు తియ్యడం మరిచి ఇంటికి వెళ్ళిపోతే నేను వారం రోజులు ఏడిపించాను. ఇదీ అంతే అనుకున్నాను. ఫోను చేశాను. ప్రార్థనలో ఆవిడ మొబైలు ఆపేస్తుంది, అదీ నాకు తెలుసు. ఆవిడ వచ్చేదాకా ఆగొచ్చు. సార్‌కి కాసేపు ఆగమని చెప్పొచ్చు. కానీ నేను కట్టిన యంత్రం సార్ కళ్ళముందు ఆగి కూర్చోవడం నాకు నచ్చలేదు. ఒక్క ఆజ్ఞ కొట్టి బోర్డు తీసేశాను. స్క్రిప్టు నడిపాను. ఎక్కడా తొట్రుపడకుండా, ఎంత చక్కగా నడిచిందో! సర్వర్ మీద ఉన్నది ఆఫీసు కాపీకి అచ్చుగుద్దినట్టు తయారైంది. అక్క పొద్దున్న మార్చిన నియమం దాంతోపాటే తుడిచిపెట్టుకుపోయింది.

మధ్యాహ్నపు బి షిఫ్టు వేళకు ఫోను మోగింది. మున్షీ. జాముల్ గేటు దగ్గర అందరికీ ఎరుపు.

ఏం పోయిందో నాకు తెలియదు. అక్క ఏం మార్చిందో నేను అడగలేదు కదా. పాత ఫైళ్ళు తిప్పుతూ కూర్చున్నాను. అక్క తిరిగొచ్చి, తలమీద కొంగు తియ్యకుండానే కూర్చుని సరిచేసింది. కానీ అప్పటికి గేటు వేళ దాటిపోయింది. ఎండలో నిలబడినవాళ్ళని గార్డు ఇళ్ళకు పంపేశాడు.

సార్ మా ఇద్దరి మధ్యా నిలబడి అడిగారు.

“బోర్డు పెట్టావా అమ్మా?”

“పెట్టేను సార్.”

“మరి స్క్రిప్టు ఎలా నడిచింది?” అని నావైపు తిరిగారు.

“బోర్డు ఉంటే నడవదు సార్. అది పక్కా,” అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత శుభ్రమైన మోసం నేను మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. తీసిన బోర్డు ఆనవాలు సర్వర్ మీద ఎక్కడా మిగలదు. అలా కట్టింది నేనే.

అక్క నావైపు చూడలేదు. తెర వైపు చూసింది. “పొద్దున్న కంగార్లో పెట్టేననుకున్నానేమో సార్,” అంది మెల్లగా.

కాంట్రాక్టరు ఫోనులో అరిచాడు, ఆ మేడమ్ ఇక నా సైటు ముట్టుకోకూడదని. సార్ పెద్దమనిషే గాని ఆ పార్టీని పోగొట్టుకునే ధైర్యం ఆయనకు లేదు. సోమవారం నుంచి సర్వర్ పని నాదేననీ, అక్క పేర్లు టైపు చేసే పని మాత్రం చూసుకుంటే చాలనీ అన్నారు. ఆ మాట ఆయన అక్క మొహం చూసి చెప్పలేదు. అక్క సరే సార్ అంది. తనే నేర్చుకుని, తనే నిలబెట్టిన పని, నా ఒక్క వాక్యంతో ఆవిడ చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది.

మర్నాడు శనివారం. నేను వచ్చేసరికి అక్క తన కుర్చీలో ఉంది. చెప్పాలనే వచ్చాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక మంచినీళ్ళు తాగుతున్నాను. ఆవిడే కుర్చీ జరుపుకుని నా దగ్గరకు వచ్చింది.

“తమ్ముడూ, ఆ బోర్డు ఎలగ పెట్టాలో మళ్ళీ ఓసారి సెప్పవా? పెట్టేననే అనుకున్నానురా. రాత్రంతా అదే తలుసుకున్నాను. ఏటి తప్పు కొట్టేనో తెలట్లేదు.”

గ్లాసు కింద పెట్టాను.

“నువ్వు సరిగ్గానే పెట్టేవక్కా. నేనే తీసేను.”

ఆవిడ తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. కింద మందుల దుకాణంలో ఎవరో చిల్లర కోసం గొడవ పడుతున్నారు.

“తీసి, సార్ ముందర ఏటన్నావు?”

“బోర్డుంటే నడవదని.”

“వారెవ్వా,” అంది. “అబద్ధం కూడా నీ ప్రోగ్రాం లాగే రాస్తావు. ఎక్కడా ఎర్రర్ రాదు.”

“సార్‌కి చెప్పేస్తాను.”

“సెప్పు. నువ్వే సెప్పాల. నేను సెప్తే ఆడది సాకులెతుకుతోంది అంటారు.”

సార్ వచ్చారు. అక్క ఎదురుగానే చెప్పాను. చెప్పినంతసేపూ ఆయన కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు. అది పెట్టుకుని, “ప్లాంటులో అయితే నిన్ను ఆ రోజే గేటు బయట నిలబెట్టేవాణ్ణి,” అన్నారు. ఆ తరవాత, “ఇప్పుడూ అదే చేస్తాను. జాముల్ వెళ్ళు. బి షిఫ్టు వచ్చేలోగా గేటు దగ్గర ఉండు. ఆ మనుషులకి నువ్వే చెప్పు. కాంట్రాక్టరుకి నేను చెప్తాను, ఇది ఎవరి తప్పో, ఎవరిది కాదో.” అక్క వైపు తిరిగి, “సర్వర్ నీదేనమ్మా. నిన్న నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను,” అన్నారు. ఈసారి మొహం చూసే అన్నారు.

జాముల్‌లో చెట్ల ఆకుల మీద కూడా సిమెంటు దుమ్మే. షిఫ్టు మనుషులు సైకిళ్ళు దిగుతున్నారు. నేను హిందీలో చెప్పాను. నిన్న మీ పాసుల్లో తప్పేమీ లేదు, మీ మున్షీది కాదు, ఆఫీసులో దీదీది కాదు, తప్పు నాది అని. కొందరు వినకుండానే వెళ్ళిపోయారు. ఒకాయన గట్టిగానే తిట్టాడు, నిలబడి విన్నాను. చివర్న తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన నా హిందీ విని ఆగాడు.

“నువ్వు మన తెలుగోడివేటి?”

“అవును మావా.”

“ఓహో! నిన్న నా నంబరు కొడితే ఎర్రగా సూసింది నువ్వేనేటి? మా ఆడది కూడా ఎప్పుడూ అంత ఎర్రగా సూళ్ళేదు!” చుట్టూ ఉన్నవాళ్ళకు అది హిందీలో చెప్పి నవ్వించాడు. తరవాత నవ్వు ఆపి అడిగాడు. “మరి మా నిన్నటి హాజరు? కూలి పోయినట్టేనా?”

“వేయిస్తానని సార్ మాటిచ్చేరు. వేసేదాకా నేను రోజూ వస్తాను.”

“రా. ఒచ్చేటప్పుడు ఎండకి తువ్వాలు తెచ్చుకో,” అన్నాడు.

హాజరు వేశారు. అది తేలేదాకా నేను తువ్వాలు కట్టుకునే వెళ్ళాను.

ఆ తరవాతి సోమవారం, అక్కకు ఒక మాట చెప్పాను. ఇక మీద బోర్డుకి పాస్‌వర్డ్ పెడతాను, ఎవరు పెడితే వాళ్ళే తియ్యగలిగేలా కడతాను అని. నాకు అది మంచి పరిష్కారంగానే తోచింది. అక్క ఒప్పుకోలేదు.

“మీ నాన్న బోర్డుకి తాళం ఉండేదా?”

“లేదు. తీగతో తగిలించేవాడు.”

“మరి మీ అమ్మ ఎందుకు తియ్యలేదు?”

ఆ లాంతరు కథ ఆవిడకు ఎప్పుడో సరదాగా చెప్పాను. గుర్తుపెట్టుకుంది.

“తాళమేస్తే నువ్వు ఆగేవో, తాళం నిన్ను ఆపిందో నాకెలగ తెలుస్తాది?” అంది. అని, తన కంప్యూటర్ దగ్గర కూర్చుని సర్వర్‌లో బోర్డు పెట్టింది. “ఇదిగో పెట్టేను. నేను తీసేదాకా నీ మిషన్ ఇలగే ఆగి ఉంటాది. అందాకా ఫైళ్ళు నువ్వే చేత్తో ఎక్కించు. నేను ఎక్కించినట్టు, ఒక్కోటీ.”

“ఎన్నాళ్ళక్కా?”

“తీసినప్పుడు సెప్తాను.”

నేను కట్టినదాన్ని పక్కన పెట్టుకుని చేత్తో ఎక్కించాను. ఏ ఫైలు ముందో, ఏది తరవాతో ఆవిడ నోటితో చెబితే నేర్చుకున్నాను. పాసు నియమం ఉన్న ఫైలును ఆవిడ ఎప్పుడూ ఆఖరున ఉంచేది. షిఫ్టు వేళ కాకుండా చూసి ఎక్కించేది. ఎందుకని నేను అన్నాళ్ళూ అడగలేదు. నా స్క్రిప్టుకు షిఫ్టు అన్నది ఒకటుందనే తెలియదు. ఉక్కు ప్లాంటు కూతవేటులో కూర్చుని ఆ సంగతి రాయడం మరిచినవాణ్ణి నేనే. దాన్ని ఆ రోజుల్లోనే స్క్రిప్టులో చేర్చాను. బోర్డు దిగాక అది చాలా ఏళ్ళు నమ్మకంగా నడిచింది.

దిగక ముందు ఒక శుక్రవారం వచ్చింది. అక్క ప్రార్థనకు వెళ్ళింది. సార్ మళ్ళీ ఎవరికో సైటు చూపించాలన్నారు. కొత్త పేజీలు చాలానే ఉన్నాయి. నేను మొదటి ఫైలు మొదలుపెట్టేసరికి లైను తెగింది. మళ్ళీ మొదలుపెట్టాను. సార్ వెనక నిలబడి గడియారం చూసుకున్నారు.

“ఆ బోర్డు ఒక్కసారి తీసెయ్యవయ్యా. లోపల ఏ పనీ లేదని నీకూ తెలుసు. ఆవిడకి నేను చెప్తాను.”

నాకు తెలుసు. సర్వర్ మీద ఏ పనీ జరగడం లేదు. వేళ్ళు కదిపితే చాలు.

“అది అక్క పెట్టిన బోర్డు సార్. అక్కే తియ్యాలి,” అన్నాను. “పార్టీని కాస్త టీ తాగించండి. నేను ఎక్కించేస్తాను.”

ఆయన నావైపు చూశారు. రిటైరైనా ప్లాంటు మనిషే. టీ చెప్పడానికి కిందికి దిగారు.

ఒక్కొక్కటే పంపాను. పంపి, చూసి, ఇంకోటి పంపాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్క లోపలికొచ్చి, సంచీ బల్ల మీద పెట్టి, నా భుజం మీంచి తెర చూసింది.

“ఏటి, ఇంకా అవ్వలేదా?”

“ఆఖరిదక్కా. పాసుల ఫైలు.”

“షిఫ్టు ఎల్లిందా?”

“వెళ్ళింది. మున్షీని అడిగేను.”

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. నేను ఆఖరి ఫైలు ఎక్కించాను.